ఊటబూజు

ఆవకాయ జాడీకి బూజు పట్టనివ్వని మనిషిని నేను. తడి చెయ్యి పెట్టనివ్వను, తడి గరిటె ముంచనివ్వను, వానాకాలం వచ్చిందంటే జాడీ మూతికి గుడ్డ కట్టి పసిపిల్లని కాచినట్టు కాస్తాను. సాలూరులో సగం ఇళ్ళకి పచ్చళ్ళు నా చేతివే. అలాంటి దాని కడుపున పుట్టిన హైమ పెద్ద పెద్ద చదువులు చదివి, డాక్టరేటు పుచ్చుకుని, చివరికి ఏం చేసిందయ్యా అంటే, కొండ మీద కూర్చుని బూజు పెంచింది. మీ అమ్మాయి ఏం చేస్తోంది పైడమ్మా అని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకు సిగ్గేసేది.

మొదటి పురుడు పుట్టింట్లో పొయ్యడం ఆనవాయితీ. పిల్లని తీసుకొద్దామని అల్లుడికి ఫోన్ చేశాను. అల్లుడు తవిటినాయుడు సాలూరు కాలేజీలో లెక్కలు చెబుతాడు. మెత్తటి మనిషి, వారానికోసారి కొండెక్కి పెళ్ళాన్ని చూసుకుని వస్తాడు. “తను కొండ దిగనంటోంది అత్తయ్యా, మీరే చెప్పి చూడండి” అన్నాడు. నేను చెబితే వినే పిల్లయితే బూజెందుకు పెంచుతుంది? సరే, పిల్ల దిగకపోతే తల్లే ఎక్కుతుంది అనుకుని, నెయ్యి, వాము, మిరియాలు, పాత మెత్తటి చీరలు మూట కట్టుకుని జీపెక్కి దిమ్మికొండకి వెళ్ళిపోయాను.

రేకుల కప్పుతో రెండు గదులు. ఒకటి దాని ప్రయోగశాల, ఒకటి కాపురం. వెనక గోడని ఆనుకునే కొండ ఊట. కాస్త దిగువన ఎగువదిమ్మి అనే చిన్న ఊరు. ఆ ఊరి ఆడవాళ్ళు అంతకు ముందు ప్రతి ఎండాకాలం బిందెలు నెత్తిన పెట్టుకుని లోయలోకి దిగి, చెలమల్లో నీళ్ళు తోడుకుని మళ్ళీ ఆ ఏటవాలంతా ఎక్కేవారట. వాన పడితే నీరంతా వాగులో పడి పోవడం, ఎండ వస్తే ఊట ఎండిపోవడం. ఊటతో పాటే చెట్లు, చెట్లతో పాటే పిట్టలు, కప్పలు.

ఏమిటే ఈ బూజు గొప్ప అని అడిగాను, వెళ్ళిన రోజే. మాటల్తో చెబితే నాకు ఎక్కదని దానికి తెలుసు. అడుగున చిల్లున్న రెండు కుండీల్లో మట్టి పోసి తెచ్చి, రెండింట్లోనూ చెరో చెంబుడు నీళ్ళు పోసింది. ఒక దాంట్లోంచి బొటబొటా నేల మీదికి కారిపోయాయి. రెండో దాంట్లోంచి చుక్క రాలేదు. కుండీ ఎత్తి తలకిందులు చేసింది, అయినా రాలేదు. చెయ్యి పెట్టి చూశాను, మట్టి చల్లగా, జున్నులా ఉంది. అప్పుడు హైమ, ఎండలో వాడబెట్టిన ఒక మొక్కని తెచ్చి దాని వేరు అందులో గుచ్చింది. కాసేపటికి అడుగు చిల్లులోంచి నీళ్ళు మొదలయ్యాయి.

“దాహం వేసిన వేరు ఒక రకం రసం వదులుతుందమ్మా. అది తగిలేదాకా ఈ బూజు నీళ్ళు వదలదు. తగిలిందా, పట్టు వదిలేసి నీళ్ళతో పాటు కొట్టుకుపోతుంది” అంది.

అంటే వానల్లో నీరు కొండ కడుపులోనే ఉంటుంది. ఎండల్లో చెట్లకి దాహం వేసినప్పుడు కొంచెం కొంచెంగా ఊటలోకి వస్తుంది. కొండకి చిచ్చంటుకున్నా చావని గట్టి విత్తు దానిది, అలాగే తయారు చేశారట. దీన్ని కొండ నెత్తి మీద చల్లి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. రిబ్బను లోపలి నుంచి మట్టి గాని ఆకు గాని తేకూడదని హైమ ఊరందరికీ చెప్పింది, నాకూ చెప్పింది. ఊటనీళ్ళకి మాత్రం భయం లేదంది. బూజు మట్టిని వదిలి నీళ్ళలో బతకదట. చేపలకి, మేకలకి, మనుషులకి అన్ని పరీక్షలూ చేశాకే కొండ మీదికి తెచ్చారట.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఏడాది మే నెలలో కూడా ఊట ఆగలేదు. ఆడవాళ్ళు బిందెలు కడిగి బోర్లించి, కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా నింపుకునేవారు. ఒక సాయంత్రం ఊట దగ్గర గాజులు కదిలినట్టు చప్పుడయింది. హైమ చేతిలో పని వదిలేసి పరుగెత్తింది, కడుపుతో ఉన్న మనిషి, నేను వెనకాలే తిట్టుకుంటూ. చిటికెన వేలి గోరంత కప్ప. చిటికెనకప్ప అంటారు ఆ ఊళ్ళో. అది ఆ కొండని వదిలి చాలా ఏళ్ళయిందట. హైమ రాయి మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. చెంపల మీంచి నీళ్ళు ధారగా కారి జాకెట్టు తడిసింది. నా పిల్ల చేసింది గొప్ప పనేనని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత ఎవరడిగినా తలెత్తుకునే చెప్పాలనుకున్నాను.

తొలకరి పడ్డ రోజు నా పక్కన చేరి, ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, “అమ్మా, మట్టి తినాలనిపిస్తోందే” అంది.

నవ్వాగలేదు నాకు. ఇది నా కడుపులో ఉన్నప్పుడు నేను బలపాలు నమిలాను, పొయ్యిగడ్డలు నమిలాను, గోడకి నీళ్ళు కొట్టి ఆ వాసన పీలుస్తూ నిలబడ్డాను. ఎంత చదివితే మాత్రం కడుపు కోరే కోరికలు మారతాయా? కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. ఊళ్ళోంచి మాకు రాగులు, ఆకుకూరలు తెచ్చిచ్చే సీదరి చిలకమ్మని అడిగాను. ఆవిడకి నెలలు నిండిపోయాయి, రెండో కానుపు. “దానికేటమ్మా, కడుపుపుట్ట ఉంది గదా. కడుపుతో ఉన్నోలమందరం ఆ మట్టే తింతాం” అని వెంటబెట్టుకెళ్ళి చూపించింది.

చెదల పుట్ట. ఎర్రగా, పిండిలా మెత్తటి మట్టి. కడుపుతో ఉన్నవాళ్ళు గిల్లుకుని గిల్లుకుని ఒక పక్క నున్నగా గుంట పడింది. నేను తలెత్తి చూశాను, ఎర్ర రిబ్బను ఎక్కడో పైన, కనీ కనిపించకుండా ఉంది. కొంగులో మట్టి తెచ్చి, జల్లించి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్ళు చిలకరించి బిళ్ళలు చేసి పెనం మీద కాల్చాను. ఇల్లంతా తొలకరి వాసన. హైమ గుమ్మంలోకి వెళ్ళి ఆ పుట్ట ఎక్కడుందో, రిబ్బను ఎక్కడుందో చూసుకుని, తృప్తిపడి వచ్చి కూర్చుని తింది. కళ్ళు మూసుకుని తింది. తోడు కోసం నేనూ ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను, ముసలి వేవిళ్ళు అని నన్ను ఏడిపించింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మా ఇద్దరికీ అదే చిరుతిండి.

కొండ వాతావరణం నాకు బాగా పడిందనుకున్నాను. పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడ్డా చెమట పట్టేది కాదు. షుగరు మనిషిని, రాత్రి పూట పదే పదే లేచేదాన్ని, అదీ తగ్గింది. కాలి మెట్టెలు మాత్రం బిగుసుకున్నాయి. హైమకీ పాదాలు పొంగాయి గాని నెలలు నిండుతున్న మనిషికి అది మామూలే కదా. ఒక రోజు పులుసులోకి ఇద్దరం కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళల్లో ఒక్క చుక్క నీరు రాలేదు. ఈ కొండ ఉల్లిపాయల్లో ఘాటు లేదే అని నేనంటే, ఎరువులు వెయ్యకపోతే అంతేనమ్మా అంది.

చిలకమ్మకి రోజులు దాటిపోయాయి. నొప్పుల్లేవు, ఉమ్మనీరు పోవడం లేదు. కడుపు మాత్రం పెరుగుతూనే ఉంది. ఆఖరికి నాయుడే తన జీపులో ఆవిడనీ మొగుణ్ణీ పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే హైమ ఊట దగ్గర్నుంచి కేకేసింది. వెళ్ళేసరికి వంగలేక వంగి ఒక రాయి కింద చూస్తోంది. చిటికెనకప్ప గుడ్లు. ఉడికిన సగ్గుబియ్యంలా, ముద్దగా, రాతికి అంటుకుని ఉన్నాయి. అవి ఎప్పుడో చిట్లి పిల్లలు నీళ్ళలో ఈదాలట. ఒక్కటీ చిట్లలేదు. లోపల పిల్లలు బాగా పెరిగిపోయాయి. ఒక్కోదానికి కాళ్ళు కూడా వచ్చాయి. చోటు లేక, తోక మడుచుకుని, గుడ్డు లోపలే గిర్రున తిరుగుతున్నాయి. ఆ పొర సాగుతోంది గాని తెగడం లేదు. నేను పుల్లతో పొడిచాను. లోపలికి నొక్కుకుని మళ్ళీ యథాప్రకారం అయిపోయింది.  హైమ వైపు తిరిగాను. అది గుడ్లని చూడడం లేదు. రెండు చేతులూ తన కడుపు మీద పెట్టుకుని ఉంది.

అప్పుడే నాయుడు ఫోన్ చేశాడు. చిలకమ్మకి ఆపరేషన్ చేశారట. కోశాక ఉమ్మనీరు కారలేదట, జున్నులా గడ్డకట్టి ఉందట, చేత్తో తీశారట. ఆడపిల్ల. గుండె కొట్టుకుంటూనే ఉందట. ఊపిరితిత్తుల్లోని నీళ్ళు బయటికి రాలేదు. గొట్టాలు పెట్టారు, తలకిందులుగా పట్టుకున్నారు, వీపు నిమిరారు, ఒక్క ఊపిరి పీల్చలేకపోయింది.

హైమ ఫోన్ రాయి మీద పెట్టి ఏడ్చింది. నోరు తెరుచుకుంది, భుజాలు కదులుతున్నాయి, గొంతులోంచి సన్నటి కూత. ముఖం మాత్రం పొడిగా ఉంది. తల్లిని కదా, పిల్ల ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలియదా. అదే రాయి మీద కూర్చుని జాకెట్టు తడిసేలా ఏడ్చిన పిల్ల.

“హైమా, నీ కళ్ళు చూసుకోవే” అన్నాను.

చెంప తడుముకుని వేలు చూసుకుంది. అలా చూస్తూనే, “నాకు పెట్టిన మట్టి కొంచెం మిగిలుందా?” అని అడిగింది.

ఆ మట్టి పట్టుకుని ప్రయోగశాలలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.  బయటికి వచ్చేసరికి దాని ముఖంలో నెత్తురు లేదు. చెదపురుగులు తడి కోసం కొండ లోపలికి ఎంత దూరమైనా తవ్వుకుంటూ పోతాయట. పైన రిబ్బను కట్టారని వాటికేం తెలుసు? లోపలి బూజుమట్టిని మోసుకొచ్చి పుట్ట పెట్టాయి. ఆ చెదల్ని తిన్న కప్పల గుడ్లలోకీ బూజు చేరింది. పెనం మీద కాల్చినా చావని విత్తు. అది మనిషి ఒంట్లోకి పోయి అక్కడా అదే పని చేస్తోంది, దానికి తెలిసిన పని అదొక్కటే. నీళ్ళు పట్టుకోవడం.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. “అన్ని పరీక్షలు చేశామన్నారే! ఇంతమంది పండితులు కలిసి, కడుపుతో ఉన్న ఆడది మట్టి తింటుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదా? మీరెవరూ మన ఊళ్ళల్లో పుట్టలేదా?” అని విరుచుకుపడ్డాను.

“నేనే తిన్నానమ్మా, నాకే తట్టలేదు” అంది. ఆ పిల్ల చేతికి బిళ్ళలు చేసిపెట్టిన చేతులు ఇవి. 

హైమ కప్పగుడ్లని గాజు పళ్ళెంలోకి తెచ్చుకుంది. దాహం వేసిన వేరు రసం ఒక చుక్క వేస్తే పొరలు కరిగి పిల్లలు బిలబిలా బయటికొచ్చాయి. కానీ అది విషం, మనిషి మింగితే పోతాడు. తన వేలు గుచ్చి నెత్తురు చుక్క వేసింది, గుడ్డు ఉలకలేదు. ఆ రోజంతా మంచినీళ్ళు ముట్టకుండా ఉండి, సాయంత్రం మళ్ళీ ఒక చుక్క వేసింది. గుడ్డు అంచు కాస్త వదులైంది. చిట్లలేదు, వదులైంది.

“దాహం వేస్తే నా నెత్తుట్లోనూ ఆ రసంలాంటిదేదో పుడుతోందమ్మా. ఇంకా ముదరాలి. అది బిడ్డ దాకా వెళ్ళాలి. అప్పుడు గాని దాని ఊపిరితిత్తుల్లో నీళ్ళు వదలవు” అంది.

నాయుడు అప్పటికి పరుగున వచ్చాడు. ఎవరో పెద్ద డాక్టరుకి ఫోన్ కలిపాడు. నెలలు నిండిన మనిషి నీళ్ళు మానడమేమిటి, ప్రాణానికే ముప్పు, వెంటనే తీసుకురండి, సెలైన్ ఎక్కిద్దాం అని ఆయన కేకలేశాడట. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. కానీ సెలైన్ ఎక్కిస్తే బూజు ఇంకా బిగుస్తుంది, చిలకమ్మకి జరిగిందే నాకూ జరుగుతుంది అంది హైమ. దాహం ముదిరితే తను పోవచ్చు. ముదరకపోతే బిడ్డ పోతుంది. నాయుడు తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. హైమ నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది.

“వాళ్ళకి చేతకాదమ్మా. నీకే చెబుతున్నాను. పళ్ళెంలో గుడ్డు చిట్లేదాకా నాకు నీళ్ళివ్వకు. అడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు.”

కడుపులో బిడ్డ నా అరచేతిని తన్నింది. సరేనన్నాను.

ఇంట్లో కుండలన్నీ బోర్లించాను. కూజా, చెంబులు, గ్లాసులు చూపుకి ఆనకుండా దాచాను. కానీ ఊటని ఎక్కడ దాచను? గోడవతల గలగలమంటూ పారుతూనే ఉంది. కిటికీ మూయించింది, తలుపు మూయించింది, చెవులకి గుడ్డ కట్టమంది. అయినా వినపడేది. తను పెట్టిన బూజు వల్ల పారుతున్న నీళ్ళ చప్పుడు వింటూ, దాహంతో పక్క మీద దొర్లేది నా కూతురు. మొదటి రోజు పళ్ళు బిగపట్టుకుంది. రెండో రోజు పెదవులు పగిలాయి, నాలిక పిడచకట్టింది. నన్ను అడిగింది. ఇవ్వలేదు. నువ్వు తల్లివేనా, నీ చేత్తో మట్టి పెట్టి ఇప్పుడు నీళ్ళివ్వవా అంది. పడ్డాను. అవన్నీ పడొచ్చు. చివరికి చిన్నప్పుడు జ్వరంలో అడిగినట్టు, “అమ్మా, సీసా మూతంత చాలే” అంది చూడండి, అప్పుడిక అక్కడ నిలవలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి గోడకి నుదురు ఆన్చి ఏడ్చాను. కన్నీళ్ళు రాలేదు. భయానికి కన్నీళ్ళు కూడా ఇంకిపోతాయంటారు, అదే అనుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను మాత్రం నీళ్ళు తాగాను. నువ్వూ పడిపోతే నన్నెవరు కాస్తారు అని అదే ఒట్టు పెట్టింది. ఊట దగ్గరికి దొంగలా వెళ్ళి, అది వినకుండా, గుటక చప్పుడు కాకుండా దోసిలితో తాగి మూతి తుడుచుకుని వచ్చేదాన్ని. అంత చేదు నీళ్ళు నేనెన్నడూ తాగలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి బిడ్డ తన్నడం తగ్గింది. చెయ్యి పెట్టి చూస్తే ఎప్పుడో ఒకసారి, నీరసంగా కదిలేది. హైమ మాట ముద్దగా వస్తోంది, కళ్ళు పైకి పోతున్నాయి. నెత్తురు చుక్క వేసి చూశాను. గుడ్డు బాగా వదులై జారుతోంది గాని చిట్లలేదు. నాయుడు ఇక ఆగలేకపోయాడు. జీపులోంచి నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాడు. అంత మెత్తటి మనిషి నన్ను భుజం పట్టి పక్కకి తోశాడు. “మీకు పిచ్చి పట్టింది అత్తయ్యా. ఇద్దరినీ చంపేస్తున్నారు” అన్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా చేతులు పెట్టాను గాని నాకూ లోపల అదే అనుమానం. వీడు చెప్పిందే నిజమేమో, నేను నిలబడి చేతులారా పిల్లని చంపుకుంటున్నానేమో. ఆ క్షణంలో ఇంకొక్క మాట అని ఉంటే తప్పుకునేదాన్ని.

అప్పుడు వాకిట్లో చిలకమ్మ నిలబడి ఉంది. ఆ రోజే ఆసుపత్రి నుంచి వచ్చిందట, కుట్లు పచ్చిగా ఉన్నాయి, పొత్తికడుపు పట్టుకుని వంగి నడుస్తోంది. ముఖం పొంగిపోయి ఉంది. మట్టి సంగతి అప్పటికే ఊరంతా తెలిసింది, మమ్మల్ని దులిపెయ్యడానికే వచ్చిందనుకున్నాను. న్యాయమే కదా. ఆవిడ మెల్లగా వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. లోపల మూలుగు వింది. నాయుడి చేతిలో సీసా చూసింది.

“బాబూ, మా పిల్లకీ ఇలగే నీల్లెక్కించీసినారు. నాకూ ఎక్కించీసినారు. ఊపిరొచ్చిందా? రానేదు. ఊట్లో నీల్లొచ్చినాయి, నా పిల్ల పోనాది. నీ పిల్లనన్నా బతకనీ” అంది.

 నాయుడు సీసా పట్టుకుని బయటికి వెళ్ళి నీళ్ళన్నీ నేల మీద ఒంపేశాడు. జీపు గుమ్మం ముందుకి తెచ్చి తిప్పి పెట్టాడు.

ఎండ వాలుతుండగా హైమ వేలు మళ్ళీ గుచ్చాను. నెత్తురు రావడానికే గట్టిగా నొక్కాల్సి వచ్చింది. చిలకమ్మ పళ్ళెం పట్టుకుంది. చుక్క గుడ్ల మీద పడి పాకింది. ఏమీ కాలేదు. మేం ముగ్గురం పళ్ళెం మీదికి వంగాం. ఒక గుడ్డు అంచు తెల్లబడింది. పొర సన్నగా చీలింది. నాలుగు కాళ్ళూ తోకా ఉన్న ఒక నలుసు బయటికి జారి, పళ్ళెంలో ఈదుకుంటూ పోయింది.

హైమని దుప్పట్లో ఎత్తి జీపులో పడుకోబెట్టాం. గుడ్డ తడిపి పెదవులకి అద్దాను, అంతే. ఘాట్ రోడ్డు మలుపులన్నీ నాయుడు ఎలా తిప్పాడో దేవుడికే తెలియాలి. సగం దారిలో హైమ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కేక పెట్టింది. నా కాళ్ళ కింద వెచ్చగా తగిలింది. జీపు అడుగంతా నీళ్ళు. ఉమ్మనీరు, పల్చగా, నీళ్ళలాగే ఉంది. పోయింది నాయుడూ, ఉమ్మనీరు పోయింది అని నేను అరిస్తే అతను స్టీరింగు వదలకుండానే భోరుమని ఏడ్చాడు.

ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. నర్సు తలకిందులుగా పట్టుకుంది. నేను చిలకమ్మ పిల్లనే తలుచుకుంటున్నాను, ఆ పిల్లనీ ఇలాగే పట్టుకున్నారు కదా అని. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు కారాయి. ఇంకా కారాయి. అప్పుడు కెవ్వుమంది.

అంతటితో అయిపోలేదు. పిల్ల గుడ్డ తడపడం లేదు. కడుపులోని నీళ్ళు వదిలాయి గాని, పిల్ల ఒంట్లో బూజు మిగిలి ఉంటే? డాక్టర్లు చూద్దాం అన్నారు. హైమ చెంచాలతో నీళ్ళు తాగుతూ, తేరుకుంటూ, కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే ప్రశ్న, తడిసిందా అమ్మా అని. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని, పొత్తిగుడ్డ కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పొడి. మళ్ళీ చూస్తే మళ్ళీ పొడి.

మధ్యలో నాయుడు కబుర్లు తెచ్చాడు. పుట్ట దగ్గరికి ఎవరూ వెళ్ళకుండా చిలకమ్మ కాపలా కూర్చుందట. పై నుంచి అధికారులు వచ్చి, ఇంకా బోలెడు కొండల మీద చల్లాల్సిన బూజు ఇది, తొందరపడొద్దని చెప్పి వెళ్ళారట. హైమ ఒప్పుకోలేదు. లేవగానే కొండంతా వేరు రసం చల్లిస్తానంది. బూజు పట్టు వదిలేస్తుంది, నీళ్ళన్నీ ఒక్కసారి పోతాయి, వచ్చే ఎండలకి ఊట ఎండిపోతుంది. ఆడవాళ్ళు మళ్ళీ బిందెలతో లోయలోకి దిగాలి. చిటికెనకప్ప మళ్ళీ ఎప్పుడు కూస్తుందో ఎవరికీ తెలియదు. ఇది చెబుతూ హైమ ఏడ్చింది. ఈసారి దిండు తడిసింది. దాని కన్నీళ్ళు చూసి నేను దండం పెట్టుకున్నాను.

సాయంత్రం కిటికీలోంచి ఎండ పక్క మీద పడుతోంది. నర్సు నాకు గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళింది. తాగబోతుంటే ఒళ్ళో వెచ్చగా అనిపించింది. కదల్లేదు. భ్రమేమోనని భయం. తర్వాత ఆ వెచ్చదనం చీర కుచ్చిళ్ళలోకి, తొడ మీదికి పాకింది. వంగి చూశాను. పొత్తిగుడ్డ తడిసింది, నా చీర తడిసింది, పిల్ల తీరిగ్గా కాళ్ళాడిస్తోంది.

“పోసిందే! నీ కూతురు నా మీద పోసిందే!” అన్నాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళుగా బిగపట్టిన ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ముఖం పైకెత్తి, పిల్లని గుండెకి హత్తుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాను.

హైమ కూడా నవ్వింది. నవ్వుతూ నా వైపే చూసింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేసింది. చెయ్యి చాచి నా చెంప మీద వేలు పెట్టింది. ఒక చెంప మీద, తర్వాత రెండో చెంప మీద. ఆ పొడి వేలు ఎండ వెలుతుర్లో పట్టుకుని చూసుకుంది.

రోజూ మధ్యాహ్నం మా ఇద్దరి చిరుతిండి నాకప్పుడు గుర్తొచ్చింది. మెట్టెలు దిగబడిన నా కాలి వేళ్ళు చూసుకున్నాను.

హైమ పక్క మీంచి కొంచెం ముందుకి జరిగి, నా చేతిలోని మంచినీళ్ళ గ్లాసు మెల్లగా తీసుకుని, నాకు అందనంత దూరంలో పెట్టింది.